సముద్రానికి హద్దు గీసిన అన్న

నేను మొదట పనిచేసిన ఆఫీసు పంజాగుట్ట చౌరస్తా వెనక సందులో, ఒక జిరాక్స్ షాపు మీద, రెండో అంతస్తులో ఉండేది. మొత్తం ముగ్గురం. ఆర్కిటెక్టు గారు, ఆయన్ని సార్ అనేవాళ్లం. సీనియర్ డ్రాఫ్ట్స్‌మన్, ఆయన్ని ఆ సందులో అందరూ అన్న అనేవాళ్లు కాబట్టి నేనూ అన్న అన్నాను. మూడో మనిషిని నేను. నాకు హోదా అంటూ ఏమీ లేదు గానీ ఆఫీసులో ఉన్న ఒక్క కంప్యూటరూ నా బల్ల మీదే ఉండేది. ఆ రోజుల్లో హైదరాబాదులో అంతకు మించిన హోదా ఏముంది చెప్పండి.

అసలు నేను ఊరి నుంచి వచ్చింది ఈ పనికి కాదు. సివిల్ డిప్లొమా చదివి ఇంట్లో కూర్చుంటే, మా వీధి వీధంతా "అమీర్‌పేట వెళ్లి ఏదో ఒక కోర్సు చెయ్యమ్మా" అని నా వెంట పడింది. సరే అని మధురానగర్‌లో ఒక లేడీస్ హాస్టల్లో దిగాను. మర్నాడు అమీర్‌పేటలో కోర్సులన్నీ ఉండే మైత్రీవనం ముందు నిలబడి పైకి చూస్తే బోర్డుల మీద బోర్డులు, ఒక్కటీ నాకు అర్థమయ్యే భాషలో లేదు. జావా డెమో క్లాసుకి వెళ్తే తలుపు దగ్గర నిలబడటానికి కూడా చోటు దొరకలేదు. పక్క గదిలో కంప్యూటర్ మీద ఇళ్ల ప్లాన్లు గీయడం నేర్పుతున్నారు, కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. కాళ్లు నొప్పిగా ఉండి వెళ్లి కూర్చున్నాను. నా జీవితం అలా తేలిపోయింది. దీన్ని నేను ఎవరికీ గొప్పగా చెప్పుకోను.

అన్నది బల్కంపేట. పుట్టిందీ పెరిగిందీ అక్కడే. వాళ్ల నాన్న కాలంలో ఇటు పక్కంతా పొలాలేనట. మా హాస్టల్ అడ్రసు చెప్పగానే ఆయన అన్న మొదటి మాట, "గాడనా? గాడ మా నాయిన వంకాయలు పెట్టిండు చెల్లె" అని. ఆ తర్వాత హాస్టల్లో వంకాయ కూర పెట్టినప్పుడల్లా నాకు నవ్వొచ్చేది. యాభై దాటిన మనిషి, సన్నగా, చొక్కా జేబులో ఎప్పుడూ సగం బ్లేడు ఒకటి కాగితంలో చుట్టి ఉండేది. ట్రేసింగ్ కాగితం మీద ఇంకుతో గీసేటప్పుడు గీత తప్పితే ఆ బ్లేడుతో గీకి చెరపాలి. నేను అక్కడున్నన్నాళ్లూ ఆ బ్లేడు విప్పడం రెండు మూడు సార్లకంటే ఎక్కువ చూడలేదు.

ఆయన డ్రాయింగ్ బోర్డు కిటికీ పక్కన ఉండేది. మంచమంత బోర్డు. నా కంప్యూటర్ గోడ వైపు. పొద్దున్నే వచ్చి ఆయన బోర్డు తుడిచి, తర్వాత నా కీబోర్డు కూడా అదే గుడ్డతో తుడిచి, "నీ మిషిన్‌కు స్నానం జేపిచ్చిన" అనేవాడు. మధ్యాహ్నం డబ్బాలో జొన్నరొట్టె తెచ్చేవాడు, నాకొకటి లెక్కగా. హాస్టల్ అన్నం తిని నేను చిక్కిపోతున్నానని వాళ్లావిడ, అంటే వదిన, నా కోసం విడిగా పచ్చడి కట్టి పంపేది. హాస్టల్ ఆవిడ ఒకసారి నన్ను నీళ్ల దగ్గర నానా మాటలూ అంటే, అన్న వచ్చి గేటు బయటే నిలబడి, లోపలికి కూడా రాకుండా, "అమ్మా, గీ పిల్లకు ఈ ఊర్ల ఎవ్వరు లేరనుకోకు, నేనున్న" అని చెప్పి వెళ్లాడు. ఆ తర్వాత ఆవిడ నన్ను పేరు పెట్టి పిలవడం మొదలుపెట్టింది.

ఇంత మంచి మనిషికి ఒక్కటే లోపం. తప్పు చెబితే ఓర్చుకోలేడు. చేరిన కొత్తలో ఒక ఇంటి ప్లానులో మెట్లలో ఒకటి తక్కువ పడితే నేను ఇంటివాళ్ల ముందే, తెలివితేటలు ఆగక, "అన్నా, మెట్టు తగ్గింది" అన్నాను. నిజంగానే తగ్గింది. ఆయన బ్లేడు తీసి గీకాడు, సరిచేశాడు, తర్వాత రెండు రోజులు నాతో మాట్లాడలేదు. రొట్టె మాత్రం బల్ల మీద పెట్టి వెళ్లిపోయేవాడు. మాట లేకుండా వచ్చిన రొట్టె ఎలా గొంతు దిగుతుందో నాకు ఆ రెండు రోజుల్లో తెలిసింది. ఇక ఆయనకు తప్పు చెప్పకూడదని ఒట్టు పెట్టుకున్నాను.

ఆయన పొగరుకి కారణం ఉంది మరి. పాతికేళ్లలో ఆయన గీసిన ప్లాను ఒక్కటి కూడా సర్కారు ఆఫీసుల నుంచి తిరిగి రాలేదు. ముఖ్యంగా చెరువు పక్క స్థలాలంటే ఆయన్ని వెతుక్కుంటూ వచ్చేవాళ్లు. వేసవిలో చెరువు ఎండి వెనక్కి పోయినప్పుడు టేపు పట్టుకుని కొలిచి, "ఇదిగో నీళ్లు ఇక్కడిదాకే" అని ప్లాను గీయమనే వాళ్లు ఊళ్లో కొల్లలు. అన్న వాళ్లని కూర్చోబెట్టి మంచినీళ్లు ఇచ్చి మరీ పంపించేసేవాడు. "ఎండకాలం చెర్వును నమ్మొద్దు భాయ్. నిండినప్పుడు యాడిదాక ఉంటదో గాడికే హద్దు. వానలు పడ్డంక రా, అప్పుడు కొల్సుకుందం" అనేవాడు. నిండు చెరువు హద్దు మీద ఆయన మాటకి ఆఫీసర్లు కూడా ఎదురు చెప్పేవాళ్లు కాదు.

అలాంటి ఆఫీసుకి హోటల్ పని వచ్చింది.

సార్‌కి తెలిసిన ఒక పెద్దాయన కోస్తాలో, సముద్రం ఒడ్డున, హోటల్ కట్టాలనుకున్నాడు. గదులు, ఈతకొలను, సముద్రం కనబడేలా భోజనాల హాలు. ఇలాంటివి ఇంకో రెండు ఊళ్లలో కూడా కడతాడట. ఆయన పెట్టిన షరతు ఒక్కటే, డ్రాయింగులన్నీ కంప్యూటర్‌లోనే కావాలి. చేతి గీతలు చూస్తే ఆయనకి పాతకాలం ఆసుపత్రి గుర్తొస్తుందట. ఆ మాట సార్ మా దగ్గర దాచి ఉంటే బాగుండేది, చెప్పేశాడు.

సార్ చెడ్డవాడు కాదు. కాలవ గట్టు మీద ఊరి నుంచి వచ్చిన మెత్తని మనిషి, పనిమంతుణ్ణి మాస్టారూ అని పిలిచే అలవాటు. ఆ రోజు అన్నని కూర్చోబెట్టి నా ఎదురుగానే చెప్పాడు. "మాస్టారూ, ఈ పని మీరే నడపండి. మీరు గీయండి, అమ్మాయి కంప్యూటర్‌లోకి ఎక్కిస్తుంది. ఇది పాసైతే ఆ మిగతా రెండూ మనకే వస్తాయి. ఇంకో ఇద్దర్ని పెట్టుకుందాం, వాళ్ల మీద మీరు హెడ్డుగా ఉంటారు. పాసవకపోతే మటుకు ఆ బోర్డు తీసేసి అక్కడ కంప్యూటర్లు వేయక తప్పదండీ. అప్పుడు మీకు ఇక్కడ ఏం పని చూపించాలో నాకు తెలీడం లేదు."

అన్న తల ఊపి, "అయితది సార్, ఫికర్ జెయ్యకుండ్రి" అన్నాడు. కానీ ఆ రోజు నుంచి పొద్దున నా కీబోర్డు తుడవడం మానేశాడు. మర్చిపోయాడో, మానేశాడో నాకు తెలీదు. నాకు బాధేసింది.

ఆ హోటలాయన మనిషి ఒకడు వెళ్లి స్థలం కొలిచి కాగితం పంపాడు. నాలుగు మూలలు, సరుగుడు చెట్ల వరస, తుఫాను షెల్టర్, రోడ్డు. సముద్రం వైపు తను కొలిచిన రోజున నీళ్లు ఎక్కడున్నాయో చుక్కలతో చూపించాడు. పక్కన తేదీ, టైము కూడా రాశాడు, పాపం పద్ధతైన మనిషే. ఆ చుక్కలు చూడగానే నాకు తేడా తెలిసింది. నేను సముద్రం చప్పుడు వినబడే వీధిలో పెరిగినదాన్ని. మా వీధిలో పిల్లలకి చెప్పులు ఎక్కడ విప్పాలో తెలుసు. ఇప్పుడు నీళ్లు ఎక్కడున్నాయో చూసి విప్పరు, పోటొస్తే ఎక్కడిదాకా వస్తాయో చూసి విప్పుతారు.

అన్న ఆ చుక్కల మీదే స్కేలు పెట్టి నిండు గీత లాగేశాడు. దాని పక్కన ఆయన ముత్యాల్లాంటి అక్షరాలతో "సముద్రం హద్దు" అని రాశాడు. ఆ హద్దు నుంచి వదలాల్సినంత స్థలం వదిలి, భోజనాల హాలు, ఈతకొలను పెట్టాడు. ఎండాకాలం చెరువుని నమ్మని మనిషి ఒక్క రోజు కొలిచిన సముద్రాన్ని ఎలా నమ్మాడా అని మీరు అడగొచ్చు. ఆయనే చెప్పాడు, నేను అడక్కుండానే. చాలా సంతోషంగా చెప్పాడు.

"చెర్వంటే ఎండుతది, నిండుతది, గందుకే దాంతోని మస్తు పరేషాన్. గీ సముద్రంతోని ఆ బాధ లేదు చెల్లె. సముద్రం ఎండుతదా? ఎప్పుడు నిండే ఉంటది. యాడున్నదో గాడ్నే హద్దు. గిసువంటి జాగలు ముందుగాల దొరికితే నా సగం ఆయుష్షు మిగిలేది."

ఎంత లెక్కగా ఆలోచించాడో చూడండి. పాతికేళ్లు చెరువుల్ని కాచుకుని, చెరువుల దగ్గర ఒక్కసారీ మోసపోకుండా నేర్చుకున్న తెలివే ఆయన్ని నేరుగా తప్పులోకి నడిపించింది. ఆయన జన్మలో సముద్రం చూడలేదు. తిరుపతి వెళ్లాడు, వేములవాడ వెళ్లాడు, సముద్రం దాకా ఎప్పుడూ పోలేదు.

నేను చెప్పాలి. ఒక్క మాట, "అన్నా, సముద్రం కూడా జరుగుతుంది" అంటే చాలు. నేను అనలేదు. కాగితం తీసుకుని నా బల్ల దగ్గరికి వెళ్లి ఆ గీతని ఉన్నదున్నట్టు కంప్యూటర్‌లోకి ఎక్కించాను. ఎందుకు అనలేదంటే మెట్ల గొడవ గుర్తొచ్చింది, రొట్టె గుర్తొచ్చింది. నిన్నగాక మొన్న వచ్చిన నేను ఆయనకు చెప్పేంతదాన్నా అనుకున్నాను. పైవాళ్లు ఎలాగూ చూస్తారులే అని కూడా అనుకున్నాను. ఇవన్నీ నిజాలే. ఇంకొకటి కూడా నిజమేమో. బోర్డు తీసేస్తే ఆ కిటికీ పక్కకి ఎవరి బల్ల వస్తుందో నాకు తెలుసు. ఆ ఆలోచన నా బుర్రలోకి వచ్చిందా రాలేదా అని ఎన్నిసార్లు తవ్వుకున్నా తేలదు. రాలేదని మాత్రం ప్రమాణం చేయలేను.

కంప్యూటర్ ప్లాను అడుగున ఒక గడిలో "గీసినవారు" అని ఉంటుంది. అందులో నా పొడి అక్షరాలు పడ్డాయి. గడి కంప్యూటర్‌ది, ఎక్కించింది నేను, అంతే.

హోటల్ కట్టనివ్వాలా వద్దా అని తేల్చడానికి ఆ ఊళ్లోనే మీటింగు పెట్టారు. అధికారులు వచ్చి ఊరివాళ్ల మాట వినాలని నిబంధన. సార్, అన్న, నేను రైల్లో వెళ్లి పొద్దున్నే దిగి, అక్కణ్ణుంచి హోటలాయన కారులో ఊరికి చేరాం. మీటింగు తుఫాను షెల్టర్‌లో. సరుగుడు తోట అవతల సముద్రం ఉంది, ఇవతలికి కనబడదు. కారు దిగుతూనే అన్న చెవి ఒగ్గి, "గా సప్పుడేంది చెల్లె, హైవే దగ్గరున్నదా?" అన్నాడు. "సముద్రం అన్నా" అన్నాను. "గింత మోత చేస్తదా" అని చొక్కా సర్దుకున్నాడు. ఇస్త్రీ చేసిన కొత్త చొక్కా, వదిన పట్టుబట్టి కొనిపించిందట.

గోడకి మా ప్లాను అంటించారు. అధికారి ఒకాయన కర్ర పట్టుకుని ఇది గది, ఇది కొలను అని చూపించాడు. ఊళ్లో మగవాళ్లు ఉద్యోగాలొస్తాయా అని అడిగారు, రోడ్డు వేస్తారా అని అడిగారు. అంతా బాగానే నడుస్తోంది. సార్ మొహంలో అప్పటికే సగం నవ్వు వచ్చేసింది. అప్పుడు వెనక వరస నుంచి చేపలమ్మే పెద్దావిడ ఒకామె లేచి గోడ దగ్గరికి వచ్చింది.

"బాబూ, ఇందులో ఈ షెల్టరు ఏది?"

అధికారి చూపించాడు.

"మరి సముద్రం ఏది?"

ఆయన గీత చూపించాడు. ఆమె షెల్టర్ దగ్గర వేలు పెట్టి, గీత దాకా నెమ్మదిగా జరిపింది. తర్వాత నవ్వింది. వెక్కిరింపు కాదు, చిన్నపిల్లవాడు తప్పు బొమ్మ గీస్తే నవ్వే నవ్వు.

"ఇది ఏ పూట సముద్రం బాబూ? పాటు పూట ఇక్కడుంటాది. పోటు పూట ఇక్కడికొస్తాది. పున్నానికి ఇదిగో ఇక్కడికి. తుపాను నెలల్లో మీరు బోజనాల హాలేసిన కాడ చేపలు తిరుగుతాయి. మిగతా నెలల్లో అక్కడే మేం పడవలు లాక్కుంటాం. పడవలేవీ ఈ బొమ్మలో?"

హాలంతా నవ్వింది. అధికారి నవ్వలేదు. ప్లాను దగ్గరికి వంగి అడుగున గడి చదివాడు. నా పొడి అక్షరాలు పైకి చదివి, "ఈ సముద్రం గీత ఎవరు గీశారండీ?" అని అడిగాడు.

సార్ నా వైపు తిరిగాడు. నేను గోడ మీద ప్లాను వైపే చూస్తూ కూర్చున్నాను. నేను కాదు అనలేను, నేనే అని కూడా అనలేను.

అన్న లేచాడు. "గీత నాది సార్. గా పిల్ల నేను గీసింది జూసి ఎక్కిచ్చింది, గంతే. ఆమెకేం సంబంధం లేదు. నేను హైదరాబాద్‌ల చెర్వులు గీసినోణ్ణి. సముద్రం సంగతి నాకు తెల్వకపాయె. తెల్వదని సుత తెల్వకపాయె."

అంతమంది ముందు, కొత్త చొక్కాలో, చేతులు ముందుకి కట్టుకుని చెప్పాడు. నాకు ఆ నిమిషంలో ఆయన మీద ఎంత ప్రేమ వచ్చిందో, నా మీద నాకు అంత అసహ్యం వేసింది.

నిర్ణయం అప్పుడే చెప్పేశారు. ప్లాను వెనక్కి పంపుతున్నాం, ఊరివాళ్లని పక్కన పెట్టుకుని పోటు హద్దు మళ్లీ తేల్చండి, కట్టడాలన్నీ సరుగుడు చెట్ల వెనక్కి జరపండి, పడవలకి చోటూ తోవా చూపించండి, అప్పుడు రండి అన్నారు. హోటలాయన కారెక్కాడు. సార్ కూడా ఎక్కాడు. అన్న మాత్రం, "నేను ఉంట సార్, గా పున్నం నీళ్లు జూసొస్త" అన్నాడు. పున్నమికి ఇంకా నాలుగు రోజులుంది.

ఇద్దరం తోట దాటి ఒడ్డుకి వెళ్లాం. ఆ పెద్దావిడ కూడా మాతో వచ్చింది. అప్పుడు పాటు పూట. సముద్రం సరిగ్గా ఆయన గీత గీసిన చోటే ఉంది, ఇసుక దాకా వచ్చి మర్యాదగా వెనక్కి పోతోంది. అన్న చాలాసేపు చూశాడు. ఇంత పెద్దదని ఎవరూ చెప్పలేదేం అన్నట్టు నా వైపు చూశాడు. తర్వాత చిన్న గొంతుతో, "నా గీత కాడ్నే ఉన్నది గద" అన్నాడు.

పెద్దావిడ ఇసుకలో చతికిలబడి, "కూకో బాబూ" అంది.

కూర్చున్నాడు. మధ్యాహ్నం మూడు గంటలయ్యేసరికి నీళ్లు కదలడం మొదలుపెట్టాయి. ఆయన చెప్పులు తడిశాయి, వెనక్కి జరిగాడు. మళ్లీ తడిశాయి, మళ్లీ జరిగాడు. జరిగిన ప్రతిసారీ ఆవిడ నవ్వింది, ఐదారు సార్లయ్యాక ఆయనా నవ్వాడు. "అమ్మా, ఇది బస్తీల కిరాయికున్నోని లెక్క నన్ను లేపుతున్నది" అన్నాడు. ఆవిడకి సగం మాటలు అర్థం కాలేదు గానీ నవ్వు మాత్రం కలిసింది.

ఆయన షెల్టర్‌లో ఉండిపోయాడు. నేను బస్సెక్కి మా ఇంటికి వెళ్లి, పున్నమి రోజు పొద్దున్నే తిరిగొచ్చాను. వచ్చేసరికి ప్యాంటు మోకాళ్లదాకా మడిచి, చంకలో సరుగుడు మేకులు పెట్టుకుని, నీళ్లలో నిలబడి ఉన్నాడు. పెద్దావిడ గట్టు మీద నిలబడి "ఇంకా ఎనక్కి, ఇంకా ఎనక్కి" అంటోంది. ఆయన "జర ఆగమ్మా" అంటూ వెనక్కి జరిగి మేకు దిగ్గొడుతున్నాడు. ఎండకి మొహం నల్లబడిపోయింది. నాలుగు రోజులూ పెద్దావిడ ఇంట్లోనే తిన్నాడట, చేపల పులుసు ఎలా వండాలో వదినకి చెప్పడానికి కాగితం మీద రాసుకున్నాడు. వరసగా మేకులు కొట్టి, టేపు పట్టి, పడవల్ని ఎటు నుంచి లాగుతారో అడిగి, ఆ తోవ కూడా కొలిచాడు. నేను రాసిపెట్టాను. ఆ రోజంతా పక్కపక్కనే ఉన్నాం. గీత సంగతి ఆయన అడగలేదు, నేను చెప్పలేదు.

హైదరాబాద్ వచ్చాక నెల రోజులు కూర్చుని ప్లానంతా మళ్లీ గీశాడు. ఆయన జీవితంలో గీసిన మంచి ప్లాను అదేనని నేను ఇప్పటికీ అంటాను. భోజనాల హాలు చెట్ల వెనక్కి పోయింది. ముందు పడవల చోటు, పక్కన సముద్రం దాకా తోవ. ఒక్కో పడవని చిన్న ఆకులా గీశాడు. కానీ మిగతా రెండు హోటళ్ల పనీ వేరే ఆఫీసుకి వెళ్లిపోయింది. సార్ ఆ మాట అన్నతో ఎలా చెప్పాలో తెలీక వారం రోజులు గదిలోంచి బయటికి రాలేదు. చివరికి చెప్పే అవసరమే రాలేదు. కొత్త ప్లాను పంపిన రోజున అన్నే స్క్రూలు విప్పి బోర్డు తీసి గోడకి ఆనించాడు. "సార్, ఇంటికాడ్నే కూసోని మా బస్తీ ఇండ్ల ప్లాన్లు గీసుకుంట" అన్నాడు. సార్ కళ్లు తుడుచుకున్నాడు. నా బల్ల కిటికీ పక్కకి వచ్చింది. గాలీ వెలుతురూ బాగా వచ్చేవి. నాకు అక్కడ కూర్చోవడం ఇష్టంగా ఉండేది కాదు. అయినా ఏళ్ల తరబడి కూర్చున్నాను.

ఆషాఢంలో హోటల్‌కి అనుమతి వచ్చింది. కాగితం చేతికందిన వారంలోనే బల్కంపేటలో బోనాలు. వదిన ఎలాగూ భోజనానికి రమ్మని కబురు చేసింది కాబట్టి ఆ ఆదివారం వెళ్లాను. ఎల్లమ్మ గుడి దారంతా జనం, డప్పులు. వాళ్ల సందులోకి దూరడానికే అరగంట పట్టింది. వదిన పసుపు కాళ్లతో ఎదురొచ్చి, గుడికి వెళ్లొచ్చిన బోనం కుండ లోపల పెట్టి, నాకు బగారన్నం, మటనూ వడ్డించింది. చిక్కిపోయానని మళ్లీ తిట్టింది. అన్న ముందు గదిలో నేల మీద కూర్చుని తింటున్నాడు. నేనూ ఎదురుగా కూర్చున్నాను.

"అన్నా, హోటల్ పాసైంది."

"పడవల తోవ ఉంచిన్రా?"

"ఉంచారు. మీరు కొలిచినంతా ఉంచారు."

"మంచిగయింది" అన్నాడు. మొహం నిజంగా వెలిగింది. పెద్దావిడకి ఎవరైనా చెప్పారా అని అడిగాడు. చెప్పే ఉంటారన్నాను. ఆయన ఇంకో ముద్ద కలుపుకున్నాడు. వదిన లోపలికి వెళ్లేదాకా ఆగాను.

"మీకో మాట చెప్పాలన్నా. ఆ గీత తప్పని నాకు ముందే తెలుసు. ఎక్కించిన రోజే తెలుసు. చెప్పలేదు."

అన్న చెయ్యి ఆగలేదు. "తెల్సు" అన్నాడు.

"ఏం తెలుసు?"

"నీకు తెల్సని తెల్సు. గలగల మాట్లాడే పిల్లవు. సముద్రం కాడ పుట్టినవు. నేను సముద్రం గురించి గంత సేపు చెప్తే ఒక్క ముచ్చట చెప్పకపోతివి. గప్పుడే నాకు అనుమానమొచ్చింది."

"మరి నన్ను అడగలేదేం అన్నా?"

ఆయన తలెత్తి నా వైపు చూశాడు.

"అడిగితే తప్పని చెప్తవని."

నేను ఏడ్చేశాను. ఎడం చేత్తో మొహం మూసుకుని, కుడి చెయ్యి అన్నంలోనే పెట్టుకుని, డప్పుల చప్పుడులో ఎవరికీ వినబడదులే అని గట్టిగానే ఏడ్చాను. వదినకి వినబడింది. గరిటె చేత్తోనే వచ్చి, "పండగ పూట పిల్లనేమన్నవయ్యా నువ్వు?" అని ఆయన్ని కసిరింది. ఆయన తల దించుకుని తిట్లన్నీ తిన్నాడు. తప్పు నాదని నేను చెప్పబోతే చేత్తోనే వద్దన్నాడు.